కేస్లాపురపు కోవెల: రాయియును మన్నును



మా బసంత్‌నగరము సిమెంటుతో పుట్టిన యూరు. పగలనక రేయనక బస్తాల లారీలు రాజీవ్ రహదారిపై సాగిపోవుచునే యుండును. ఇట్టి చోట కాపురముండువారికి కట్టడమనగానే ఇన్ని బస్తాలు, ఇంత యినుము, ఇన్ని లక్షలు అను లెక్కయే తోచును. ఆ మీద ప్రారంభోత్సవమునకు విచ్చేసిన పెద్దమనిషి పేరుతో గోడపై నొక పాలరాతి పలక. దానితో కట్టడము ముగిసినదని యందఱును ఇండ్లకు పోవుదురు. మరునాటినుండి దానిని తుడుచువారుండరు, తలచువారుండరు.

ఈ మాసము నేను మీకు చెప్పదలచిన కట్టడము అట్టిది కాదు. అది ఆదిలాబాదు జిల్లా ఇంద్రవెల్లి మండలమునందలి కేస్లాపుర గ్రామమున నున్న నాగోబా కోవెల. రాజగోండులలో మెస్రం వంశమువారికి నాగోబా కులదైవము. 2022వ సంవత్సరము డిసెంబరు 18వ తేదీన అచ్చట నూతన శిలాలయము ప్రారంభమైనది. దానికైన వ్యయము సుమారు 5 కోట్ల రూపాయలు. ఆ ధనమును సమకూర్చినది ఏ జమీందారో, ఏ వర్తకశ్రేష్ఠియో కాదు. జొన్నయు ప్రత్తియు పండించుకొని బ్రదుకు కుటుంబములు, కూలినాలి చేయువారు, చదువుకొని చిన్న యుద్యోగములలో కుదురుకొన్నవారు, అందఱును మెస్రం వంశీయులే, ఏండ్ల తరబడి తమ తమ శక్తికొలది చందాలు వేసికొని యా మొత్తమును కూడబెట్టిరి. ఇంటి ఖర్చులో నుండి పదిరూపాయలు మిగుల్చుట యెంత కష్టమో యెఱిగిన గృహిణులకు ఈ సంగతి విలువ వేఱుగ చెప్పనక్కఱలేదు. చందా వేసినవాడు పురుషుడని పుస్తకమున వ్రాసికొని యుందురు గాని, దానికై ఆ యేడు చీర మానుకొన్న యిల్లాలి పేరు ఏ పుస్తకమునను ఉండదు.

కోవెల రాతిపై తమ వంశ చరిత్రమును, తమ యాచారములను చెక్కించుకొనిరి. దేవుని గుడిగోడపై రాజుల విజయయాత్రలు చెక్కించుట మన పూర్వులెఱిగినదే. ఇచ్చట మాత్రము యాత్ర చేయువారు రాజులు కారు, కావడి మోయు సామాన్యులు. తమ నడకను తామే రాతిపై నిలుపుకొనుట నా కెంతయో ముచ్చట గొలిపినది.

అయితే ఈ శిలాలయము సగము కట్టడము మాత్రమే. మిగిలిన సగమును వారు ఏటేట మఱల కట్టుదురు. దానికి రాయి యక్కఱలేదు, సిమెంటు అక్కఱలేదు. కావలసినవి నీరు, మన్ను, కుండలు, కాళ్లు. ఆ రెండవ కట్టడమును గూర్చియే నేను ముఖ్యముగా వ్రాయబూనితిని.

పుష్యమాసమున నెలవంక కనబడగానే మెస్రం పెద్దలు కూడి జాతరకు ముహూర్తము నిర్ణయింతురు. ఎడ్లబండి కట్టుకొని యూరూర తిరిగి తమ వంశమువారికి కబురు చెప్పుదురు. నేటి కాలమున చేతిలోని ఫోనుతో క్షణములో ముగియు పనికి ఎడ్లబండి యేల యని మన పిల్లలు నవ్వవచ్చును. కాని బండి వాకిట నిలిచి పిలిచిన పిలుపునకును, ఫోనులో మ్రోగిన పిలుపునకును గల భేదము, పెండ్లిపిలుపులకు కుంకుమభరిణె పట్టుకొని యిల్లిల్లు తిరిగిన మనకు తెలియనిది కాదు.

పూజకు కావలసిన కుండలను సిరికొండ గ్రామమందలి కుమ్మరి కుటుంబమువారు చేసి యిత్తురు. వారు గోండులు కారు. ఐనను తరతరములుగా ఆ పని వారిదే. ఒక జాతివారి దేవునికి మఱియొక జాతివారి చేతి కుండలు లేక పూజ సాగదు. ఇరుగుపొరుగుల పొత్తు ఎట్లుండవలెనో చెప్పుటకు ఇంతకంటె చక్కని యుదాహరణము నాకు తోచలేదు.

పిమ్మట నీటికొఱకు పయనము. తెల్లని ధోవతులు కట్టి, తెల్లని తలపాగలు చుట్టి, పాదరక్షలు లేక, మెస్రం పురుషులు అడవిదారిని దినముల తరబడి నడచి గోదావరికి వత్తురు. వారు నీరు ముంచుకొను చోటు జన్నారము మండలము కలమడుగు వద్ద నున్న హస్తినమడుగు. సోదరీమణులారా, ఆ మడుగు మాకు ఎగువనున్నది. అచ్చట వారు ఝారితో ముంచుకొనగా మిగిలిన నీరే లక్షెట్టిపేటను దాటి, ఎల్లంపల్లి ఆనకట్ట వద్ద నిలిచి, మంచిర్యాల ప్రక్కగా, రామగుండము ప్రక్కగా, గోదావరిఖని బొగ్గుగనుల ప్రక్కగా పారుచున్నది. మనము కుళాయి త్రిప్పి బిందె నింపుకొను నీటి కొఱకు వారు ఱాళ్లలో ముండ్లలో నడచి వచ్చి, చేతులు జోడించి, ఒక్క ఝారి మాత్రము కొనిపోవుదురు. ఇది తెలిసిన నాటినుండి నాకు కుళాయి విప్పి విడిచిపెట్టుటకు మనసొప్పుట లేదు.

తెచ్చిన గంగాజలమును తిన్నగా గుడిలోనికి కొనిపోరు. దారిలో ఇంద్రవెల్లి యొద్ద ఇంద్రాదేవిని పూజించి, కేస్లాపురము చేరి, అచ్చటి మఱ్ఱిచెట్టు క్రింద విడిది చేయుదురు. నలుదిక్కులనుండి మెస్రం కుటుంబములు బండ్లతో, పిల్లలతో, వంటసామగ్రితో వచ్చి యా చెట్టునీడ చేరును. పుష్యబహుళ అమావాస్యనాటి రాత్రి ఆ జలముతో నాగోబాకు అభిషేకమును, మహాపూజయు జరుగును. వంశగాథలను గానము చేయువారు ప్రధానులు. వారు వేఱు తెగవారైనను, గోండుల చరిత్రకు వారి కంఠమే గ్రంథము. ప్రధానుడు కింగ్రి మీటుచు పాడకున్న గోండు పిల్లవాడు తన తాతల కథ నెట్లు తెలిసికొనును?

జాతరకు వేలకొలది జనులు వత్తురు గాని, మెస్రం వారు వంట చేసికొను పొయ్యిలు ఇరువదిరెండే. వంశములోని శాఖలను బట్టి ఆ పొయ్యిల లెక్క యేర్పడినది. కుటుంబములెన్ని పెరిగినను పొయ్యిలు పెరుగవు. ఒకరి వంట ముగిసిన పిదప మఱియొకరు. మన యిండ్లలో ఇద్దఱు తోడికోడండ్లు ఒక పొయ్యి దగ్గఱ పొసగుట యెంత దుర్లభమో మనకు తెలియును. అచ్చట వందల కుటుంబముల యాడువారు ఇరువదిరెండు పొయ్యిలపై తమ పిల్లలకు వండిపెట్టుదురు. పొయ్యి వేఱైననాడు వంశము వేఱగునని యెఱిగిన పెద్దలెవరో యీ నియమమును పెట్టి యుందురని నా యూహ.

ఇక ముఖ్యమైన సంగతి. మహాపూజ పిమ్మట ఆ వంశపు ఆడపడుచులు క్రొత్తకుండలతో కోనేటి నీరు తెత్తురు. వారితోపాటు అల్లుండ్రు మన్ను త్రవ్వి తెచ్చి, ఆ నీటితో తడిపి, మెదిపి, దేవతల పుట్టలను క్రొత్తగా తీర్చుదురు. కొడుకులు కాదు, కోడండ్రు కాదు. వేఱింటికి పోయిన కూతుండ్రును, వేఱింటినుండి వచ్చిన యల్లుండ్రును ఈ పనికి కర్తలు. పెండ్లి చేసి పంపిన పిల్ల పరాయిదను మాట మనలో నెంత తేలికగా నాడుదురో! అచ్చట నా పరాయిపిల్ల కుండతో నీరు తేనిదే దేవత పుట్ట లేవదు. ఏడాదికొకమారు పుట్టింటి దేవుడు ఆమెను పిలిచి, నీ చేతి నీరు లేక నా గూడు నిలువదని చెప్పుచున్నట్లుండును.

కోడండ్రకు వేఱొక స్థానము కలదు. ఆ యేడు మెస్రం ఇంట కాలుపెట్టిన క్రొత్తకోడండ్రు తెల్లచీరలు కట్టి, ముసుగు వేసికొని, వృద్ధ స్త్రీలు వెంటరాగా దేవుని సన్నిధికి వత్తురు. దీనిని భేటి యందురు. ఈ భేటి జరిగిన పిమ్మటనే ఆమె ఆ వంశపు పూజలలో పాల్గొనుట కర్హురాలగును. మూడుముళ్లతో ముగియక, కులదైవమునకు ఎఱుకపఱచి, పెద్దలకు నమస్కరింపజేసి, వంశమున చేర్చుకొందురు. కూతురు పుట్టను కట్టును. కోడలు వంశమున చేరును. ఈ రెండును జరిగిననే జాతర జరిగినట్లు.

ఈ సంగతులన్నియు మావారితో ముచ్చటించుచుండగా ఆయన యొక శంక తెచ్చిరి. "అంత యందముగా ఏటేట మట్టితో కట్టుకొనుచుండగా మఱి రాతిగుడి యెందులకు? రాయి వచ్చిన చోట మన్ను నిలుచునా?" అని. నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని. ఆలోచించిన కొలది ఆ ప్రశ్న యందు బలమున్నట్లే తోచినది. పూరిపాక దేవుడు రాతికోవెలకు వచ్చిన పిమ్మట పూజారులు మాఱిన యూళ్లు, ఆచారములు మాఱిన యూళ్లు మన దేశమున కొల్లలు. జనసమ్మర్దము పెరుగును, దుకాణములు పెరుగును, హుండీ పెరుగును. ఆ రద్దీలో కుండ పట్టుకొన్న ఆడపడుచునకు దారి విడుచువారుందురా?

అయినను, రాయి వారికెందుకు కావలసి వచ్చినదో తెలియవలెనన్న ఆ ప్రాంతపు చరిత్రమును కొంత స్మరింపవలెను. అడవి తమదేయని నమ్మి బ్రదికిన గోండులకు నైజాం ప్రభుత్వపు అటవీ నిబంధనల వలన పోడు లేదు, పట్టా లేదు. జల్, జంగల్, జమీన్ అని నిలిచి పోరిన కొమురం భీము 1940లో జోడేఘాట్ వద్ద ప్రాణములు విడిచెను. ఆ పిమ్మట గోండుల కష్టముల నెఱుగుటకు నైజాం ప్రభుత్వము నియోగించిన పండితుడు హైమన్‌డార్ఫ్. ఆయన తన భార్య బెట్టీ ఎలిజబెత్తుతో మార్లవాయి గ్రామమున నివసించి, గోండు పిల్లలకు బడులు పెట్టించి, కేస్లాపుర జాతరలోనే అధికారులు జనుల మొఱలు వినునట్లు దర్బారును ఏర్పఱచుటకు కారకుడయ్యెను. ఆ దర్బారు నేటికిని జాతరలో భాగమే. 1987లో బెట్టీ మరణింపగా ఆమెను మార్లవాయిలోనే సమాధి చేసిరి. ఎక్కడి ఇంగ్లండు, ఎక్కడి మార్లవాయి! ఆ యూరివారు ఆమెను నేటికిని తలచుకొనుచున్నారు.

కేస్లాపురమునకు కూతవేటు దూరమనదగిన ఇంద్రవెల్లిలో 1981 ఏప్రిల్ 20న భూమికై గుమిగూడిన గిరిజనులపై పోలీసులు కాల్పులు జరిపిరి. మరణించినవారు 13 మంది యని ప్రభుత్వము చెప్పినది. అంతకంటె మిక్కిలి యెక్కువ యని జనులు చెప్పిరి. వారి స్మృతికై నిలిపిన స్తూపము 1986లో కూల్చివేయబడి, 1987లో మఱల నిర్మింపబడినది. తమవారి జ్ఞాపకమునకై నిలిపిన రాయి యొక రాత్రి నేలపాలగుట చూచిన జనులకు, తమ చేతితో, తమ ధనముతో, ఎవరును కదల్పరాని కోవెల నిలుపుకొనవలెనను కోరిక పుట్టుటలో వింత యేమి? మేమిక్కడ నున్నామని లోకమునకు చెప్పుటకు రాయి కావలెను. మేమెవరమో మా పిల్లలకు చెప్పుటకు మన్ను కావలెను. మావారి శంకకు నేను చివరకు చెప్పిన సమాధాన మిది.

రాయి యొక్కటియే మిగిలినచో నేమగునో తెలిసికొనుటకు దూరదేశపు కథ యొకటి చెప్పెదను. పసిఫిక్ మహాసముద్రమున గ్వామ్ అను ద్వీపము కలదు. అచ్చటి మూలవాసులు చమోరోలు. వారి వంశములు పూర్వము తల్లివైపు లెక్కకు వచ్చెడివి. ఇంటను ఊరను స్త్రీ మాటకు గౌరవము మెండు. వారు సుమారు వేయియేండ్ల క్రిందట మొదలుపెట్టి, లాత్తె యను రాతిస్తంభములపై తమ యిండ్లను కట్టుకొనిరి. నిలువు రాయిని హలిగి యనియు, దానిపై బోర్లించిన చిప్పవంటి రాయిని తాస యనియు పిలుతురు. రెండు వరుసలుగా స్తంభములు, పైన కొయ్యతో ఆకులతో ఇల్లు. 1668లో స్పెయిన్ దేశపు మతాచార్యులు వచ్చి స్థిరపడిరి. ఆ పిమ్మట యుద్ధములును, అంటువ్యాధులును ప్రబలి జనులు వేలకు వేలు నశించిరి. మిగిలినవారిని కొన్ని యూళ్లలో నుంచిరి. లాత్తెలపై నిండ్లు కట్టుట ఆగిపోయినది. కొయ్య కుళ్లినది, ఆకు రాలినది, రాయి మాత్రము అడవిలో నిలిచినది. 1898 తరువాత అమెరికా నౌకాదళపు ఏలుబడిలో బడులయందు చమోరో భాష మాట్లాడరాదని నిషేధించిరి.

1950వ దశకపు నడుమ ఫెనా యను చోటి ప్రాచీనస్థలమునుండి ఎనిమిది లాత్తెలను తెచ్చి, రాజధాని హగాత్న్యా నగరపు ఉద్యానవనమున నిలిపిరి. 2010లో సముద్రతీరమున 80 అడుగుల యెత్తున లాత్తె యాకారముగల మహాస్మారకమును నిర్మించిరి. చూడవచ్చినవారు దానిపై కెక్కి సముద్రమును చూతురు. అది వారి జాతిగౌరవమునకు చిహ్నము. దానిని చిన్నబుచ్చుట నా యుద్దేశము కాదు. కాని నేడు చమోరోలు తమ భాషను పిల్లల నోట మఱల నిలుపుటకు పడుచున్న పాట్లు, ఆ 80 అడుగుల స్తంభము నిలుపుటకంటె కష్టమైనవి. రాతిని ఓడపైనో బండిపైనో తేవచ్చును. అమ్మ నోటినుండి బిడ్డ నోటికి పోవలసిన మాట నడుమ తెగినచో, దానిని తెచ్చు బండి యేది?

ఈ ప్రశ్న మన గడపలోనికి వచ్చినదే. గోండి మన తెలుగునకు తోబుట్టువు. కన్నును వారు కన్ అందురు, చేతిని కయ్ అందురు, నీటిని ఏర్ అందురు. మనము నీరు పాఱుదానిని ఏరు అందుము. మావారు పూర్వమొక బడిలో పనిచేయు దినములలో అచ్చటికి క్రొత్తగా వచ్చిన యుపాధ్యాయునితో ఒక చిన్నవాడు "ఏర్, ఏర్" అనుచు నిలుచుండెనట. ఆయనకు బోధపడక, పాఠమునకు అడ్డు వచ్చుచున్నాడని కూర్చుండబెట్టెను. పిల్లవానికి దాహము. మన ఏరే వాని ఏర్ అని యెఱిగినచో ఒక గ్లాసెడు నీటితో ముగిసెడిది. ఆ బిడ్డ ఆ నాటినుండి బడిలో తన మాట నాడుట మానెనట. కోట్లు పోసి కోవెల కట్టుకొన్న జాతి బిడ్డ నోరు, ఒక్క పూట యెఱుగమి చేత మూతపడినది. అతని నోటి మాటయు ఆ కోవెలలో నొక రాయియే కాదా?

మనకు ఈ సంగతి తెలియక కాదు. ఏటేట భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూలతో మొదలుపెట్టి తొమ్మిది దినములు బతుకమ్మను పేర్చు తెలంగాణపు ఆడువారము మనము. తంగేడు, గునుగు, బంతి, కట్ల పూలతో వరుసమీద వరుస పేర్చి, చప్పట్లు కొట్టి యాడి, సద్దులనాడు చెఱువులో విడిచి వత్తుము. ఒక్క పువ్వైనను మరుసటి యేటికి మిగులదు. ఐనను బతుకమ్మ ఇన్ని తరములు నిలిచినది. ఎట్లు? పేర్చుట తల్లి చూపగా కూతురు నేర్చినది గనుక. ఇప్పుడు బజారున పేర్చి యమ్ము బతుకమ్మలు వచ్చుచున్నవి. కొనుట తప్పని నేననను. గనులలో వంతుల వారీగా పనిచేయు మగవారి వేళలకు వండి వార్చు ఇల్లాండ్రకు తీరిక యెక్కడ? కాని ఒక్క చిన్న బతుకమ్మనైనను పిల్లచేత పేర్పించుడు. ఆమె చేతికంటిన తంగేడుపసుపు ఏ రాతిలోను చెక్కబడదు.

కనుక సోదరీమణులారా, నా మనవి యిది. రానున్న పుష్యమాసమున వీలైనవారు మంచిర్యాల, జన్నారము, ఉట్నూరుల మీదుగా ఇంద్రవెల్లికి, అచ్చటినుండి కేస్లాపురమునకు పోయి రండు. దారి యడవిదారి, కన్నులపండువుగ నుండును. కాని వినోదము చూడబోయినట్లు పోకుడు. చుట్టాలింటి శుభకార్యమునకు పోయినట్లు పోవుడు. భేటికి వచ్చు కోడండ్ర ముసుగుల ముందు ఫోనులెత్తి బొమ్మలు తీయకుడు. మన యింటి పెండ్లికూతురికి ఎవరైన నట్లు చేసిన మనము సహింతుమా? పుట్ట కట్టు ఆడపడుచునకు దారి విడువుడు. శిలాలయమును చూచి మెచ్చుకొనుడు, అది మెచ్చదగినదే. పిమ్మట ఒక్క నిమిషము మఱ్ఱిచెట్టు క్రింద నిలిచి, ఆ పొయ్యిల నుండి లేచు పొగను చూడుడు. మీ పిల్లలు ఆ కోవెలను ఎవరు కట్టిరని యడిగినచో, గోడపై పలక వెదకక, కుండతో నీరు తెచ్చుచున్న ఆ స్త్రీలను చూపుడు.

వెళ్లలేనివారు బెంగపడవలదు. మీ పిల్లల తరగతిలో గోండు బిడ్డయో, కోలాము బిడ్డయో, లంబాడీ బిడ్డయో ఉన్నయెడల, ఆ బిడ్డ యింట నీటినేమందురో అడిగి తెలిసికొని రమ్మని మీ పిల్లలకు చెప్పుడు. ఆ యొక్క మాట నేర్చినను, దూరమునుండియే ఆ కోవెలకు మీరొక పిడికెడు మన్ను అందించినవారగుదురు.